రెండు చెవులు - ఎనిమిది దిక్కులు

నంద్యాలలోనైనను, ఆళ్లగడ్డలోనైనను, ఎదుగు పిల్లలున్న ఇండ్లలో ఈనాడు తరచుగా వినవచ్చు కోరిక ఒకటి కలదు. సెల్‌ఫోనులోనో కంప్యూటరులోనో తుపాకి యుద్ధపు ఆటలాడు కుర్రవాడు తనకున్న హెడ్‌ఫోను చాలదనియు, పెట్టెమీద "7.1 సరౌండ్ సౌండ్" అని అచ్చువేసినది కావలెననియు తండ్రిని అడుగును. అది పెట్టుకొన్నచో వెనుకనుండి వచ్చు శత్రువు అడుగుల చప్పుడు వెనుకనుండియే వినబడునని వాని వాదము. తండ్రి ఆలోచన వేరు. మనిషికి చెవులు రెండే; హెడ్‌ఫోనులో చెవికొకటి చొప్పున చిన్న స్పీకర్లు రెండే. ఆ రెండింటినుండి ఏడు దిక్కుల శబ్దము ఎట్లు పుట్టును? ఇది అంగడివాని మాటకారితనమేమో అని ఆయన సందేహము.

తండ్రి సందేహము న్యాయమైనదే. కుమారుని మాటయు అసత్యము కాదు. ఈ రెండును ఏకకాలమున నిజమగుట ఎట్లో తెలిసికొన్నచో, ఏది కొనవలెనో, ఏది కొననక్కరలేదో, కొనకయే పొందదగినది ఏదో తేటపడును. అంతకంటె ముఖ్యముగా, పిల్లవాని చెవులను కాపాడుకొను మార్గమును తెలియును. శబ్దముతోడనే పనిచేయు మావంటివారికి ఈ విషయము చెప్పుట విధియని తోచి, దీనిని ఇచ్చట వివరించుచున్నాము.

చెవి దిక్కును ఎట్లు కనుగొనును?

ఆళ్లగడ్డ రాతి శిల్పులకు పేరుపొందిన ఊరు. అచ్చటి శిల్పశాల ముంగిట కన్నులు మూసికొని నిలిచినను, ఏ ఉలి ఏ వైపున మ్రోగుచున్నదో వ్రేలు పెట్టి చూపగలము. కంటి సహాయము లేకయే ఇది ఎట్లు సాధ్యమగుచున్నది?

కుడివైపున ఉలి మ్రోగినదనుకొందము. ఆ శబ్దము మొదట కుడి చెవిని చేరి, తలను చుట్టివచ్చి, పిమ్మట ఎడమ చెవిని చేరును. గాలిలో శబ్దము సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును. నంద్యాలలో వేసవి ఎండ 40 డిగ్రీలు కాయునపుడు 355 మీటర్లు పోవును. తల చిన్నది గావున రెండు చెవులను చేరుటలోని ఎడము మిక్కిలి స్వల్పము. సెకనును వేయి భాగములు చేసినచో, అందులో ఒక భాగమైనను నిండదు. ఎంత హెచ్చినను అందులో సుమారు మూడింట రెండు పాళ్లు మాత్రమే. మెదడు ఈ ఎడమును కనిపెట్టుటయే గాక, అందులో అరువదవ వంతుపాటి భేదమును గూడ గుర్తింపగలదు. శబ్దము నట్టెదుట ఉన్నప్పుడు ఒక్క డిగ్రీ ప్రక్కకు జరిగినను మనకు తెలియుటకు కారణమిదియే.

రెండవ గుర్తు శబ్దబలము. కుడినుండి వచ్చు శబ్దమునకు తల అడ్డుపడి ఎడమ చెవిమీద నీడ వేయును. తారస్థాయి ధ్వనులకు ఈ నీడ దట్టముగా నుండును. మంద్రస్థాయి ధ్వనులు తలను చుట్టి పోగలవు గావున వానికి నీడ పలుచన. మంద్రధ్వనులకు కాలభేదమును, తారధ్వనులకు బలభేదమును దిక్కును తెలుపుటలో ప్రధానములని ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు లార్డ్ రేలీ 1907లో వివరించెను.

ఈ రెండు గుర్తులతో కుడి ఎడమలు తెలియును. కాని ముందు, వెనుక, పైన అను మూడింటి మాట ఏమి? నట్టెదుట పుట్టిన శబ్దమునకును, వీపు వెనుక పుట్టిన దానికిని, నడినెత్తిమీద పుట్టిన దానికిని రెండు చెవులును సమాన దూరమున నుండును. కాలభేదము లేదు, బలభేదము లేదు. అయినను అహోబిలపు కొండదారిలో నడచువానికి గంట ఎగువన మ్రోగినదో దిగువన మ్రోగినదో తెలియుచునే యున్నది. ఇచ్చట చెవిడొప్ప పనిచేయును. దాని మడతలును గుంటలును, శబ్దము వచ్చిన దిక్కును బట్టి, తారస్థాయిలోని కొన్ని పాళ్లను హెచ్చించి, కొన్నిటిని తగ్గించి లోపలికి పంపును. పుట్టినది మొదలు మెదడు తన చెవిడొప్ప చేయు ఈ మార్పులను నేర్చుకొని, వానినిబట్టి దిక్కును చదువుచుండును. అయితే ఒకరి చెవిడొప్ప వంటిది మరియొకరికి ఉండదు. ఈ సంగతి మున్ముందు మనకు అక్కరకు వచ్చును.

నాలుగవ గుర్తు తల త్రిప్పుట. ముందా వెనుకా అని సందేహము కలిగినపుడు మనము తెలియకుండగనే తలను కొంచెము త్రిప్పుదుము. కుడికి త్రిప్పగా శబ్దము ఎడమ చెవివైపు జరిగినచో అది ముందున్నది. కుడి చెవివైపు జరిగినచో వెనుకనున్నది. హాన్స్ వాలక్ అను మనస్తత్త్వవేత్త 1940లో ప్రయోగపూర్వకముగా దీని ప్రాధాన్యమును నిరూపించెను.

ఇంకొక మాట. తటాలున పుట్టి తటాలున అణగునదియు, మంద్రమునుండి తారమువరకు అన్ని స్థాయిలు కలసినదియునగు శబ్దము తన దిక్కును సులభముగా తెలుపును. ఒకే స్వరమున సాగు కూత అట్లు తెలుపదు. ఉలి మ్రోత మొదటి జాతిది. ఆటలోని అడుగుల చప్పుడును, తుపాకి ప్రేలుడును అదే జాతికి చెందినవి. ఆటగాండ్రకు ఈ విద్యమీద ఇంత మక్కువ కలుగుటకు కారణమిదియే.

ఒక కాలువ, రెండు కాలువలు

రేడియో నాటకములు వినువారికి ఒక సంగతి అనుభవములోనిదే. పాత్ర దూరమునుండి నడచి వచ్చుచున్నదని తెలుపవలెనన్నచో, నటుడు మైక్రోఫోనునకు ఎడముగా నిలిచి పలుకనారంభించి క్రమముగా దగ్గరకు వచ్చును. దూరపు పలుకులో గది ప్రతిధ్వని పాలు హెచ్చుగా నుండును; దగ్గరి పలుకులో గొంతు పాలు హెచ్చుగా నుండును. శ్రోత దీనినిబట్టి దూరమును గ్రహించును. కాని ఒకే మైక్రోఫోను, ఒకే కాలువ గల నాటకములో ఆ పాత్ర కుడినుండి వచ్చినదో ఎడమనుండి వచ్చినదో చూపుట మాకు శక్యము కాదు.

కాలువలు రెండైనచో అది శక్యమగును. 1881లో పారిస్ నగరమున జరిగిన విద్యుత్ప్రదర్శనములో క్లెమాఁ అదేర్ అను ఇంజనీరు ఒపేరా రంగస్థలముమీద మైక్రోఫోనులను వరుసగా నిలిపి, దూరముననున్న శ్రోతలకు చెవికొక టెలిఫోను చొప్పున ఇచ్చెను. గాయకులు రంగముమీద ఇటునుండి అటు నడచుట వారికి వినుటచేతనే తెలిసెను. 1931లో ఇంగ్లండున అలన్ బ్లమ్లీన్ రెండు కాలువల పద్ధతికి పేటెంటు కోరెను. మనము నేడు స్టీరియో అనునది అందుండి పెంపొందినదే. 1933లో షికాగో ప్రదర్శనమున బెల్ ప్రయోగశాలవారు ఆస్కార్ అను మనిషి బొమ్మను నిలిపి, దాని చెవుల చెంత మైక్రోఫోనులు అమర్చిరి. బొమ్మ చుట్టును జరుగు చప్పుళ్లు హెడ్‌ఫోను పెట్టుకొన్న శ్రోతలకు తమ చుట్టును జరుగుచున్నట్లు వినబడినవి.

అందువలన కుమారుని మాట నిజమే. రెండు చెవులను చేరు శబ్దములలో పైన చెప్పిన గుర్తులను సరిగా కలిపినచో, రెండు స్పీకర్లతోనే అన్ని దిక్కులను కల్పింపవచ్చును. తండ్రి మాటయు నిజమే. పనిచేయునది ఆ గుర్తులను కలుపు లెక్క; పెట్టెమీది అంకె కాదు.

లెక్కతో చేసిన చెవులు

7.1 అనగా ఏడు సామాన్య స్పీకర్లు, గుండె అదరు మంద్రధ్వనులకు వేరుగా ఒకటి. సినిమా వినుటకు ఎదుట మూడు, ప్రక్కల రెండు, వెనుక రెండు నిలుపుదురు. హెడ్‌ఫోనులో వీనిని నిజముగా నిలుప వీలులేదు గావున, ఆ స్పీకర్లు అచ్చటచ్చట ఉన్నట్లు లెక్కతో కల్పింతురు. దీనినే వర్చువల్ సరౌండ్ సౌండ్ అందురు.

ఈ లెక్కకు మూలమగు కొలతలు ఎట్లు తీసిరి? ప్రతిధ్వని లేని గదిలో చెవిడొప్పలతో చేసిన బొమ్మ తలను నిలిపి, చెవి రంధ్రములలో మైక్రోఫోనులుంచి, చుట్టును అనేక స్థానములనుండి శబ్దము వినిపించి, ఏ స్థానపు శబ్దము ఏ చెవికి ఏ మార్పుతో చేరుచున్నదో వ్రాసికొందురు. 1994లో అమెరికాలోని ఎమ్.ఐ.టి. సంస్థలో ఇట్లు 710 స్థానములనుండి తీసిన కొలతలను అందరికిని ఉచితముగా అందించిరి. ఆటలోని అడుగుల చప్పుడునకు వెనుక కుడిమూల కొలతను కలిపినచో, అది వెనుక కుడిమూలనుండి వచ్చినట్లు తోచును.

ఇందులో రెండు తెరగులు కలవు. మొదటిది, ఆట తన శబ్దములను ఏడు కాలువలుగా పంచి ఇచ్చును. పిమ్మట ఆ ఏడింటిని ఏడు కల్పిత స్పీకర్లుగా చెవులకు వినిపింతురు. రెండవది, ఆట తానే ప్రతి శబ్దమునకును దాని సరియైన స్థానపు కొలతను నేరుగా కలుపును. మొదటి దానిలో శబ్దము ఏడు ద్వారములలో ఒకదాని గుండనో, రెండింటి నడుమనో రావలసియుండును. రెండవ దానిలో ఎత్తు పల్లములతో సహా ఏ స్థానమునుండియైనను రావచ్చును. కావున ఆటలో రెండవ ఏర్పాటు ఉన్నచో దానినే ఎన్నుకొనుట మేలు.

ఐతే చెవిడొప్పలు వేరువేరని పైన చెప్పితిమి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున వైట్‌మన్, కిస్లర్ అను పరిశోధకులు 1989లో ఎవరి చెవుల కొలతలను వారికే వాడి చూచిరి. హెడ్‌ఫోనులోని దిక్కులు ఇంచుమించు సహజముగానే తోచినవి. 1993లో ఎలిజబెత్ వెంజెల్ మొదలగువారు ఒకరి కొలతలను ఇతరులకు వినిపించి చూచిరి. కుడి ఎడమలు చక్కగా నిలిచినవి గాని, ముందు వెనుకల తారుమారు, ఎగువ దిగువల పొరపాటు హెచ్చినవి. అంగడిలో దొరకు ఏర్పాట్లలో పెక్కులు ఎవరివో సగటు చెవుల కొలతలే. ఒక స్నేహితునికి అద్భుతమనిపించినది మరియొకనికి ఏమియు తోచకపోవుటకు కారణమిది. ఎరవు చెప్పులవలె, కొందరికి సరిపడును, కొందరికి సరిపడవు. 1998లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, చెవిడొప్పలలో అచ్చులు పెట్టి వాని ఆకారము మార్చినపుడు కొన్ని వారములకు మెదడు క్రొత్త చెవిని గూడ నేర్చుకొన్నట్లు తేలినది. కావున ఒక ఏర్పాటును ఎన్నుకొన్న పిమ్మట, దినమునకొకటిగా మార్చక కొంతకాలము దానితోనే సాగుట మంచిది.

ప్రతిధ్వనిని గూర్చి ఒక మాట. నంద్యాల జిల్లాలోని బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవు గలవి. అట్టి గుహలో ఒకరు పిలిచినచో గోడలన్నియు బదులు పలుకును. మొదట చేరిన శబ్దమును మాత్రమే దిక్కునకు ప్రమాణముగా గైకొని, వెనుక వచ్చినవానిని చోటు పెద్దదా చిన్నదా అని తెలిసికొనుటకు మెదడు వాడుకొనును. ఐనను ప్రతిధ్వని మితిమీరినచో దిక్కు మసకబారును. కొన్ని ఏర్పాట్లు సినిమాహాలు భ్రమ కలిగించుటకై ఇట్టి ప్రతిధ్వనిని అదనముగా కలుపును. సినిమాకు అది సొగసు. అడుగుల చప్పుడు వినవలసిన ఆటకు అది అడ్డు. గది ప్రతిధ్వనిని తగ్గించు మీట ఉన్నచో ఆటవేళ తగ్గించుకొనవలెను.

ఉన్న మార్గములు

మొదటి మార్గము ఆటలోనే యున్నది. కౌంటర్-స్ట్రైక్ ఆటలో 2017నుండియు, వాలరెంట్ ఆటలో 2021నుండియు ఇట్టి ఏర్పాటు కలదు. దీనికి వేరుగా రుసుము లేదు. ఏ స్టీరియో హెడ్‌ఫోనైనను చాలును.

రెండవ మార్గము కంప్యూటరులో నున్నది. విండోస్ 10, 11 లలో "విండోస్ సోనిక్" అను ఏర్పాటు ఉచితముగా లభించును; ఇది 2017లో వచ్చినది. శబ్దపు అమరికలలో స్పేషియల్ సౌండ్ అను చోట దీనిని తెరువవచ్చును. అదే చోట "డాల్బీ అట్మాస్", "డిటిఎస్ హెడ్‌ఫోన్:ఎక్స్" అనునవియు కలవు. వీనికి కొంతకాలము ఉచితముగా వాడిచూచు అవకాశమిచ్చి, పిమ్మట రుసుము కోరుదురు. ఉచిత కాలమున పరీక్షింపకయే రుసుము చెల్లించుట తగదు.

మూడవ మార్గము ప్లేస్టేషన్ 5 వంటి ఆటపెట్టెలలో నున్నది. అందు "టెంపెస్ట్ 3డి" అను ఏర్పాటు మొదటినుండియు కలదు. చేతి మీటలకే మామూలు తీగ హెడ్‌ఫోను తగిలించినను పనిచేయును. వేరువేరు చెవులకు సరిపడునట్లు ఐదు తరగతులలో ఒకటి ఎన్నుకొను వీలు తొలుతనే యుండెను. 2024లో వినికిడి పరీక్షలచే ఎవరికి వారు కుదుర్చుకొను ఏర్పాటు చేర్చిరి.

నాలుగవది సెల్‌ఫోను. 2020లో ఆపిల్‌వారును, 2022లో వెలువడిన ఆండ్రాయిడ్ 13తో గూగుల్‌వారును చుట్టు శబ్దపు ఏర్పాట్లు తెచ్చిరి. ఆపిల్ ఫోనులో కెమెరాతో చెవిని చూపి కొలత కుదుర్చుకొను పద్ధతియు 2022లో వచ్చినది. ఇవి ముఖ్యముగా సినిమాలకును సంగీతమునకును ఉద్దేశింపబడినవి. పెక్కు ఆటలు ఫోనులో స్టీరియో శబ్దమునే ఇచ్చును. కావున ఫోనులోని మీట నొక్కినంతనే ఆటలో వెనుక దిక్కు పుట్టునని తలపరాదు. నొక్కియు, నొక్కకయు పోల్చి చూడవలెను.

ఐదవది, మన ప్రశ్నకు కారణమైన 7.1 హెడ్‌ఫోను. ఇందులో రెండు జాతులు కలవు. పెక్కింటిలో స్పీకర్లు రెండే. తీగ చివర చిన్న పెట్టెయో, కంప్యూటరులో వేసికొను ప్రోగ్రామో పైన చెప్పిన లెక్కను చేయును. అనగా ఉచితముగా లభించు దానివంటిదానికే వేరుగా వెల ఇచ్చుట. రెండవ జాతిలో ప్రతి చెవిగిన్నెలోను చిన్న స్పీకర్లు అనేకముండును. కాని అవన్నియు చెవికి అంగుళము దూరములోనే యుండును. ఒక గిన్నెలోని శబ్దము తలను చుట్టి రెండవ చెవిని చేరు వీలు లేదు. సహజమైన కాలభేదము అందులో తనంతట పుట్టదు. అదే వెలకు చక్కగా అమరు, రెండు వైపులును సమానముగా పలుకు మంచి స్టీరియో హెడ్‌ఫోను వచ్చినచో దానినే కొనుట లాభము.

ఏ మార్గమైనను ఒక్కటే వాడవలెను. ఆటలోనిది, కంప్యూటరులోనిది, హెడ్‌ఫోనులోనిది మూడును ఏకకాలమున తెరచినచో, ఉడికిన అన్నమును మరి రెండుమారులు ఉడికించినట్లగును, దిక్కులన్నియు ముద్దయగును. ఆటలోని ఏర్పాటును వాడునపుడు తక్కిన రెండింటిని మూసి, ఆటలో "హెడ్‌ఫోను" లేక "స్టీరియో" అని ఎన్నుకొనవలెను. కంప్యూటరులోనిది వాడునపుడు ఆటలో 7.1 శబ్దమును ఎన్నుకొనవలెను.

తీగలేని హెడ్‌ఫోను వాడువారు గమనింపవలసినవి రెండు కలవు. బ్లూటూత్ పద్ధతిలో శబ్దము చెవిని చేరుటకు సెకనులో పదవ వంతో, ఐదవ వంతో ఆలస్యము కలుగును. పాటకు ఇది బాధకము కాదు. ఆటలో కంటికి కనబడినదానికి చెవి వెనుకబడును. అంతకంటె మించినది మరియొకటి. ఆటలో జట్టువారితో మాటలాడుటకు ఆ హెడ్‌ఫోనులోని మైకును తెరచినచో, సామాన్య బ్లూటూత్ పద్ధతి ఫోను సంభాషణ రీతికి మారును. అప్పుడు రెండు కాలువలు పోయి ఒకటే మిగులును. కుడి ఎడమలు గూడ మాయమగును. వెలపెట్టి కొన్న సరౌండ్ అంతయు ఒక్క మీటతో పాత రేడియో నాటకపు స్థితికి దిగును. "ఎల్ఈ ఆడియో" అను క్రొత్త పద్ధతిలో ఈ లోపము తొలగింప వీలున్నది గాని, ఫోనును హెడ్‌ఫోనును రెండును దానికి తగినవై యుండవలెను. అట్లు కానిచో తీగ హెడ్‌ఫోనే శరణ్యము.

ఖర్చులేని ఉపాయమొకటి మిగిలియున్నది. తల త్రిప్పి దిక్కు కనుగొను విధమును పైన చెప్పితిమి. ఆటలో బొటనవ్రేలితో చూపును త్రిప్పుట తల త్రిప్పుటతో సమానము. సందేహము కలిగినపుడు చూపును కొంచెము కుడికి త్రిప్పవలెను. చప్పుడు ఎడమకు జరిగినచో శత్రువు ముందున్నాడు. కుడికి జరిగినచో వెనుకనున్నాడు. ఇది మామూలు స్టీరియోలోను పనిచేయును. ఎడమ గిన్నె ఎడమ చెవికే పెట్టుకొన్నామా అని చూచుకొనుట మాత్రము మరువరాదు.

కొనుటకు ముందు పరీక్ష

ఇంటిలో తండ్రీకొడుకులు కలసి చేయదగిన పరీక్ష ఒకటి కలదు. ఆటలోని శిక్షణ మైదానమున కుమారుడు తన పాత్రను నిలిపి, కన్నులు మూసికొని, చూపును త్రిప్పక కూర్చుండవలెను. ఒక స్నేహితుడు తన పాత్రతో ముందుగాని వెనుకగాని నిలిచి తుపాకి ప్రేల్చవలెను. తండ్రి నాణెమెగురవేసి, బొమ్మ పడినచో ముందు, బొరుసు పడినచో వెనుక అని స్నేహితునికి రహస్యముగా తెలుపవలెను. కుమారుడు చెప్పిన దిక్కును తండ్రి కాగితముమీద వ్రాసికొనవలెను. ఇట్లు 20 మారులు చేయవలెను.

ఊరక ఊహించి చెప్పినను 10 సరిపోవును. 11, 12 వచ్చినచో అది నాణెమునకు మించిన తెలివి కాదు. 15గాని అంతకు మించిగాని వచ్చినచో, ఊరక ఊహించువానికి నూరింట రెండు పర్యాయములు మాత్రమే అట్లు తటస్థించును గావున, ఆ ఏర్పాటు వాని చెవులకు నిజముగా పనిచేయుచున్నదని నమ్మవచ్చును. స్టీరియోతో ఒకమారు, ఉచిత ఏర్పాటుతో ఒకమారు, అరువు తెచ్చిన 7.1 హెడ్‌ఫోనుతో ఒకమారు ఈ లెక్క చూచినచో, వాదము లేకయే సంగతి తేలును. ఉచితమైన దానితోనే 16 వచ్చినచో డబ్బు మిగిలినట్లే. కొన్నదానితోనే వచ్చినచో కుమారుడు గెలిచినట్లే.

చెవుల పొదుపు

ఇంతవరకు చెప్పినదంతయు చెవి చక్కగా నున్నపుడే ప్రయోజనకారి. ఆటగాండ్రు అడుగుల సన్నని చప్పుడు వినవలెనని శబ్దమును హెచ్చింతురు. అదే హెచ్చులో తుపాకియు బాంబును ప్రేలును. అవి చెవిపై పడు దెబ్బలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థయు, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియనును 2019లో ప్రకటించిన ప్రమాణము ప్రకారము, పెద్దలు 80 డెసిబెల్‌ల శబ్దమును వారమునకు 40 గంటలు వినవచ్చును. పిల్లలకు 75 డెసిబెల్‌లు మేర. పెద్దల లెక్కలో 3 డెసిబెల్‌లు హెచ్చిన ప్రతిమారును కాలము సగమగును. 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10 గంటలు, 89 వద్ద 5 గంటలు, 95 వద్ద వారమంతటికిని గంటంబావు మాత్రమే. ఇంటిలో కొలత లేనివారు ఫోను శబ్దమును నూటికి 60 పాళ్లు దాటనీయకుండుట ఆ సంస్థ చెప్పు సులభమైన కట్టుబాటు. గంటకొకమారు హెడ్‌ఫోను తీసి చెవులకు విశ్రాంతి ఈయవలెను. "నైట్ మోడ్" వంటి మీట ఉన్న ఆటలలో దానిని తెరచినచో పెద్ద శబ్దములు అణగి చిన్న శబ్దములు లేచును. శబ్దమునంతటిని హెచ్చింపకయే అడుగులు వినబడును.

లోచెవిలో నత్తగుల్ల వంటి భాగమున శబ్దమును గ్రహించు సన్నని రోమకణములుండును. మనుష్యునికి అవి ఒకమారు నశించినచో తిరిగి మొలవవు. పెద్ద శబ్దముచే తొలుత చెడునవి తారస్థాయిని గ్రహించునవియే. ముందు వెనుకలను, ఎగువ దిగువలను తెలుపు చెవిడొప్ప గుర్తులుండునదియు ఆ తారస్థాయిలోనే. వెనుకనున్న శత్రువును వినుటకై శబ్దమును హెచ్చించు బాలుడు వెనుకటి దిక్కును వినగల శక్తినే కోలుపోవును. దానిని ఏ 7.1 హెడ్‌ఫోనును తిరిగి తెచ్చి ఈయలేదు. ఆట ముగిసిన పిమ్మట చెవిలో గుయ్యిమను మ్రోత మిగులుచున్నచో అది హెచ్చరిక. అది మాటిమాటికి కలుగుచున్నచో చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపవలెను.

ఒక చెవి మాత్రమే వినబడువారికి ఈ కల్పిత దిక్కులు తెలియవు; పైగా ఒక వైపు శబ్దములు బొత్తిగా వినరాకుండ పోవును. అట్టివారు ఫోనులోని "మోనో ఆడియో" అమరికను తెరచినచో రెండు కాలువలును వినగల చెవికే చేరును. దిక్కును కంటికి చూపు గుర్తులు కొన్ని ఆటలలో కలవు, వానిని తెరచుకొనవలెను.

కడపట మా శ్రోతలకు ఒక మనవి. ఈ సరౌండ్ ఏర్పాట్లను ఆటకును సినిమాకును మాత్రమే వాడుడు. వార్తలు, ప్రసంగములు, కచేరీలు వినునపుడు మూసివేయుడు. రికార్డు చేసినవారు కుదిర్చిన శ్రుతిని, స్థానమును అది చెదరగొట్టి, గొంతునకు లేని గదిని కల్పించును. మీ యింట కుర్రవాడు 7.1 అడిగినపుడు వెంటనే కాదనవలదు, వెంటనే కొననూవలదు. ఒక సాయంకాలము నాణెము, కాగితము, కలము తీసికొని వాని ప్రక్కన కూర్చుండుడు. వాని చెవులు వినగలిగినది ఎంతో మీకును వానికిని అప్పుడు తెలియును. అవసరమైనచో కొనుడు, కొన్నను కొనకున్నను, శబ్దపు మీటను మాత్రము 60 దాటనీయకుడు.